పాత హార్డ్ డిస్కుకు నకలు తీయడం – లైసెన్సు చెడకుండా

మన హాస్టల్ స్టడీ రూములో కిటికీ పక్కన దుప్పటి కప్పి ఉన్న కంప్యూటరును మీరందరూ చూసే ఉంటారు. కొత్తగా చేరిన తమ్ముళ్ళు దాన్ని పాత టీవీ అనుకుంటారు. అది పెంటియం-3 కంప్యూటరు. 2002లో మన పూర్వ విద్యార్థులు తలా కొంత వేసుకొని కొనిచ్చారు. దానిలో విండోస్ 98, పేజ్‌మేకర్, ఒక తెలుగు లిపి సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. మూడూ డబ్బు పెట్టి కొన్నవే. ఆ బిల్లులు ఇప్పటికీ వార్డెన్ గారి బీరువాలో ఉన్నాయి. 2003 నుంచి 2011 వరకు మన వార్షికోత్సవ సంచికలన్నీ ఆ కంప్యూటరు మీదే తయారయ్యాయి.

ఈ ఏటి సంచికలో పాత రచనలు కొన్ని మళ్ళీ వేద్దామనుకున్నాం. స్టోరు రూములో కట్టలు విప్పి చూస్తే 2003, 2004 సంచికలకు చెదలు పట్టి అట్టలు మాత్రమే మిగిలాయి. సరే, కంప్యూటరులో ఉంటాయి కదా అని ఆన్ చేశాం. విండోస్ వచ్చింది గాని, లోపలి నుంచి గోడ గడియారంలాగా టిక్కు టిక్కుమని చప్పుడు. ఒక్క ఫైలు తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. హార్డ్ డిస్కు అలా చప్పుడు చేస్తోందంటే, చదివే తల తనకు కావలసిన చోటు దొరకక మళ్ళీ మళ్ళీ మొదటికి వెళ్ళి వెతుకుతోందని అర్థం. అప్పుడు చేయవలసిన మొదటి పని స్విచ్ ఆపేయడం. మేము ఆ పని అరగంట ఆలస్యంగా చేశాం. ఆ అరగంటా ఫైళ్ళు వెతుకుతూ కూర్చున్నాం. అది మా తప్పు.

ఫైళ్ళు పెన్ డ్రైవులోకి ఎక్కించుకొని కొత్త కంప్యూటరులో తెరిస్తే సరిపోదా అని చాలామంది అడిగారు. సరిపోదు. ఈనాడు ఫోనులో, కంప్యూటరులో మనం కొట్టే తెలుగు యూనికోడ్. అందులో ప్రతి తెలుగు అక్షరానికి సొంత సంఖ్య ఉంటుంది. ఆ రోజుల్లో డీటీపీ తెలుగు అలా కాదు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంఖ్యల దగ్గరే తెలుగు తలకట్లు, గుడులు, ఒత్తులు విడివిడి ముక్కలుగా పెట్టి ఫాంటు తయారుచేసేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే మన వ్యాసం అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల వరుసలా కనిపిస్తుంది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. కాని ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి. పక్కన అసలు పేజీ పెట్టుకొని సరిచూడాలి. ఆ అసలు పేజీ కనబడాలంటే పాత కంప్యూటరు బతికి ఉండాలి.

దాని లోపలి సాఫ్ట్‌వేర్ లైసెన్సు కూడా బతికి ఉండాలి. తెలుగు లిపి సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించినప్పుడు అది తెర మీద ఒక సంఖ్య చూపించేదట. దాన్ని ఫోనులో చెబితే అమ్మినవారు జవాబుగా ఒక కోడ్ ఇచ్చేవారు. ఆ కోడ్ ఆ ఒక్క డిస్కుకే చెల్లుతుంది. అమ్మిన దుకాణం ఎప్పుడో మూసేశారు. కొత్త డిస్కు వేస్తే మళ్ళీ కోడ్ అడుగుతుంది, ఇచ్చేవారు లేరు. అందువల్ల డిస్కు మారినా మారలేదని ఆ సాఫ్ట్‌వేర్ అనుకునేలా నకలు తీయాలి. ఈ పాఠమంతా దాని గురించే.

నకలు రెండు రకాలు. మన హాజరు పట్టీనే తీసుకోండి. పాతది చిరిగిపోతే కొత్త పుస్తకం కొని పేర్లన్నీ తిరిగి రాసుకోవచ్చు. లేదా పాత పుస్తకాన్ని అట్టతో సహా జిరాక్స్ తీయించవచ్చు. తిరగరాస్తే పేర్లు వస్తాయి గాని పాత పుస్తకం మీది నంబరు, మార్జిన్‌లో పెన్సిలు గుర్తులు, ఖాళీ పేజీలో ఎవరో వేసిన ముద్ర రావు. జిరాక్స్‌లో అన్నీ వస్తాయి. ఫైళ్ళను ఎంచుకొని కాపీ చేయడం తిరగరాయడం వంటిది. డిస్కును మొదటి సెక్టారు నుంచి చివరి సెక్టారు దాకా ఉన్నదున్నట్లు దింపడం జిరాక్స్ వంటిది. సెక్టారు అంటే 512 బైట్ల చిన్న గడి. మా డిస్కు 20 జీబీ, అంటే సుమారు 3 కోట్ల 90 లక్షల గడులు. లైసెన్సు తాళాలు ఎక్కువగా ఆ మార్జిన్లలోనే ఉంటాయి.

అన్ని తాళాలూ ఒకటి కావు. అన్నిటికంటే తేలిక పేజ్‌మేకర్‌ది. ఎక్కించేటప్పుడు సీరియల్ నంబరు కొడితే అది డిస్కులోనే రాసిపెట్టుకుంటుంది, తర్వాత అడగదు. విండోస్ 98 కూడా అంతే. తర్వాత వచ్చిన విండోస్ ఎక్స్‌పీ అలా కాదు. అది ప్రాసెసర్, నెట్‌వర్క్ కార్డు, డిస్కు వంటి పది వస్తువుల వివరాలు గుర్తుపెట్టుకుంటుంది. వాటిలో ఒకటి రెండు మారితే ఊరుకుంటుంది, చాలా మారితే మళ్ళీ యాక్టివేషన్ అడుగుతుంది.

రెండోది మాకు తగిలిన తాళం, వాల్యూమ్ సీరియల్ నంబరు. డిస్కును ఫార్మాట్ చేసినప్పుడు ఆనాటి తేదీ, సమయాల నుంచి కంప్యూటరు ఒక సంఖ్య తయారుచేసి పార్టిషన్ మొదటి సెక్టారులో రాస్తుంది. డాస్ తెర మీద డిర్ అని కొట్టి ఎంటర్ నొక్కితే ఫైళ్ళ జాబితాకు పైన ఎనిమిది అంకెలు, అక్షరాలుగా కనిపిస్తుంది. చాలా సాఫ్ట్‌వేర్లు ఈ సంఖ్యను చూసే ఇది నా డిస్కా కాదా అని తేల్చుకునేవి. ఈ నంబరు ఏ ఫైలులోనూ ఉండదు కాబట్టి ఫైళ్ళు కాపీ చేస్తే రాదు.

మూడో రకం మరీ దొంగ తాళం. పాత డిస్కుల్లో మొదటి పార్టిషన్ సాధారణంగా 63వ సెక్టారు దగ్గర మొదలవుతుంది. దానికి ముందున్న గడుల్లో మొదటిది తప్ప మిగిలినవి ఖాళీ. కొన్ని లైసెన్సు ప్రోగ్రాములు తమ గుర్తును అక్కడ దాచేవి. ఇంకా పాత డాస్ కాలంలో కొన్ని ప్రోగ్రాములు ఒక దాపుడు ఫైలును డిస్కులో ఫలానా చోటే ఉంచి, అది కదిలితే పనిచేయడం మానేసేవి. డీఫ్రాగ్ చేసే ప్రోగ్రాములు దాపుడు ఫైళ్ళను కదపకుండా వదిలేయడానికి ఇది ఒక కారణం. వీటన్నిటికీ జిరాక్స్ పద్ధతే మందు.

దేనికీ లొంగని తాళాలు రెండున్నాయి. ఒకటి డిస్కు కర్మాగారంలోనే దాని లోపల రాసిన 20 అక్షరాల సొంత సీరియల్ నంబరు. అది గడుల్లో ఉండదు, డిస్కు సర్క్యూటు చెబుతుంది. దానికి కట్టుబడిన సాఫ్ట్‌వేర్ అయితే తయారుచేసినవారినే అడగాలి. రెండోది డాంగిల్. మనం సంచిక అచ్చుకు ఇచ్చే డీటీపీ సెంటరు అన్న దగ్గర ప్రింటరు పోర్టుకు తగిలించిన అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క ఉండేది. దాన్ని ఆయన ఇంటికి వెళ్ళేటప్పుడు జేబులో వేసుకుపోయేవాడు. డిస్కుకు ఎన్ని నకళ్ళు తీసినా ఆ ముక్క లేకపోతే ప్రోగ్రాము తెరుచుకోదు. ఈనాటి కంప్యూటర్లకు ఆ పోర్టే లేదు. యూఎస్‌బీ నుంచి ప్రింటరు పోర్టుకు మార్చే కేబుళ్ళు డాంగిళ్ళకు సాధారణంగా పనికిరావు.

ఇదంతా చట్టానికి విరుద్ధం కాదా అని వార్డెన్ గారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, న్యాయంగా కొన్న ప్రోగ్రాము పోకుండా, చెడకుండా బ్యాకప్ కాపీ తీసుకోవచ్చు. అయితే దాన్ని ఏ పనికి ఇచ్చారో ఆ పనికే వాడాలి. అందుకే మేము నకలును అదే కంప్యూటరులో పెట్టి, పాత డిస్కును బయటికి తీసి దాచాం. ఊళ్ళో కొందరు క్రాక్ వేసుకుంటే అయిపోయేదానికి ఇంత శ్రమ ఎందుకన్నారు. మెస్ బిల్లులు కట్టుకుంటూ చదివిన అన్నలు డబ్బు పోగేసి బిల్లు తీసుకొని కొన్న వస్తువుకు మేము క్రాక్ వేయదలచలేదు.

ఇక పని. ముందుగా బయాస్ తెరల్లోని సెట్టింగులన్నీ ఫోనుతో ఫొటోలు తీశాం. మదర్ బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ మార్చాం. బ్యాటరీ చచ్చిపోతే కంప్యూటరు తేదీ ఎక్కడికో వెనక్కి పోతుంది. తేదీ వెనక్కి పోతే కోపం వచ్చే లైసెన్సులు కొన్ని ఉన్నాయి. కొత్త డిస్కుకు బదులు 32 జీబీ కాంపాక్ట్ ఫ్లాష్ కార్డును, దాన్ని ఐడీఈ కేబులుకు తగిలించే చిన్న అడాప్టరును కొన్నాం. నకలు దిగే వస్తువు పాతదాని కంటే ఒక్క గడి కూడా చిన్నది కాకూడదు. మరీ పెద్దదైనా చిక్కే. ఆ కాలపు బయాస్‌లు కొన్ని సుమారు 33 జీబీ దాటితే ఆగిపోతాయి.

పాత డిస్కును ఐడీఈ-యూఎస్‌బీ అడాప్టరుతో ఒక లాప్‌టాప్‌కు కలిపి, పెన్ డ్రైవు నుంచి లినక్స్ తెరిచాం. కొత్త విండోస్‌కు కలపకూడదు. అది డిస్కును చూడగానే సరిచేయమంటారా, ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది, అడగకుండానే కొన్ని ఫైళ్ళు రాస్తుంది కూడా. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. అది ముందు బాగున్న గడులన్నీ చకచకా చదివేసి, మొండికేసే గడులను చివరికి వదిలి, తర్వాత వాటి చుట్టూ మెల్లగా తిరుగుతుంది. ఎంతవరకు చదివిందో ఒక చిట్టా రాసుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. మాకు రెండుసార్లు పోయింది. నేరుగా కార్డులోకి కాకుండా ముందు ఒక పెద్ద డిస్కులోకి ఇమేజ్ ఫైలుగా దింపాం. చావబోయే డిస్కును ఒక్కసారే కష్టపెట్టాలి. ఏది పాత డిస్కో ఏది కొత్తదో సైజు చూసి ఇద్దరం విడివిడిగా చెప్పుకున్నాకే ఎంటర్ నొక్కాం. అవి తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి మన సంచికల మీద పడుతుంది.

డిస్కులో ఎక్కువ భాగం మొదటి గంటలోనే వచ్చింది. మిగిలిన కాస్తకు తెల్లవార్లూ పట్టింది. చివరికి 88 గడులు, అంటే 44 కేబీ, ఎన్నిసార్లు అడిగినా రాలేదు.

ఇమేజును కార్డులోకి దింపి పాత కంప్యూటరుకు తగిలిస్తే నల్లతెర. మేము కార్డు చెడ్డదనుకున్నాం. తెలిసినాయన ఒకరు కార్డును ఆ కంప్యూటరులోనే ఫార్మాట్ చేసి, ఇమేజ్‌లోని ఫైళ్ళు కాపీ చేయమన్నారు. అలాగే చేశాం. విండోస్ వచ్చింది. పేజ్‌మేకర్ వచ్చింది. తెలుగు సాఫ్ట్‌వేర్ తెరిస్తే రిజిస్ట్రేషన్ కోడ్ అడిగింది! డిర్ కొట్టి చూస్తే వాల్యూమ్ నంబరు వేరుగా ఉంది. ఫార్మాట్ చేసినప్పుడు కొత్తది పుట్టింది. మేము హాజరు పట్టీ తిరగరాశామన్నమాట.

అప్పుడు నల్లతెరకు కారణం వెతికాం. ఆ కాలపు బయాస్ డిస్కును తలలు, ట్రాకుల లెక్కలో కొలుస్తుంది. పాత డిస్కు ఎల్‌బీఏ పద్ధతిలో ఉండేదని మా ఫొటోలో ఉంది. కార్డు పెట్టాక ఆటో సెట్టింగు వేరే కొలత ఎంచుకుంది. కొలత మారితే పార్టిషన్‌లో రాసి ఉన్న లెక్క కుదరక విండోస్ మొదలు కాదు. ఇమేజును మళ్ళీ కార్డులోకి దింపి, బయాస్‌లో ఎల్‌బీఏ అని మా చేత్తో పెట్టాం. విండోస్ 98 గంట మోగింది. డిర్ కొడితే పాత నంబరే వచ్చింది. తెలుగు సాఫ్ట్‌వేర్ ఏమీ అడగకుండా తెరుచుకుంది. 2004 సంచిక ముఖచిత్రం కనబడేసరికి వంట మాస్టారు కూడా వచ్చి చూశారు. అందులో ఆయన ఫొటో ఉంది.

ఇమేజ్ ఫైలు రెండు వేర్వేరు డిస్కుల్లో ఉంది. ఒకటి వార్డెన్ గారి బీరువాలో బిల్లుల పక్కన, ఒకటి మా సీనియర్ అన్న ఇంట్లో. వాల్యూమ్ నంబరు, బయాస్ సెట్టింగు ఒక అట్ట మీద రాసి కంప్యూటరు పక్కకు అతికించాం. దయచేసి దాన్ని పీకవద్దు. కార్డులో మిగిలిన 12 జీబీ ఖాళీని పార్టిషన్‌లో కలపాలని ఎవరూ ప్రయత్నించవద్దు.

రాని 88 గడులు ఏ ఫైలులోవో వెతికాం. కొన్ని ఖాళీ చోటులో పడ్డాయి. మిగిలినవి 2003 సంచికలో 17, 18 పేజీల ఫైలువి. అది తెరుచుకోవడం లేదు. విషయసూచిక ప్రకారం ఆ రెండు పేజీల్లో తమ ఊరి చెరువు గురించి అప్పటి ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థి రాసిన వ్యాసం ఉంది. వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థుల ఇళ్ళలో ఎవరి దగ్గరైనా 2003 సంచిక అచ్చు ప్రతి ఉంటే తెచ్చి చూపించండి. ఆ రెండు పేజీలు ఫొటో తీసుకొని మీ పుస్తకం మీకు అప్పుడే తిరిగి ఇచ్చేస్తాం.