దొంగ పోయాక కాపలా ఎందుకు?

హ్యాండ్‌బ్యాగులో దువ్వెన పక్కనే గ్యాస్ మాత్రల స్ట్రిప్పు పెట్టుకు తిరిగేవాళ్లం కదూ మనం! పరగడుపున ఒకటి, మంటగా ఉంటే ఇంకోటి. రెండు ముద్దలకే కడుపు నిండిపోయి జాకెట్లు వదులైపోతుంటే, "సన్నబడ్డావే" అని మెచ్చుకునేవాళ్లే గానీ ఎందుకని అడిగేవాళ్లేరీ?

నేనడుగుతున్నాను. పొట్ట పైభాగంలో నెలల తరబడి నొప్పి, తిండి సయించకపోవడం, ఊరికే బరువు తగ్గడం, విరేచనం నల్లగా అవడం... వీటిలో ఏదున్నా మందుల షాపు దగ్గరే ఆగిపోకు. ఎండోస్కోపీ అంటే భయమా? గొంతులో మందు కొడితే కాసేపు మొద్దుబారుతుంది, చిటికెనవేలంత గొట్టం లోపలికి వెళ్తుంది, అంతే. పొట్టలో వచ్చే మాల్ట్ లింఫోమా అనే క్యాన్సర్ పైకి మామూలు పుండులాగో వాపులాగో కనబడి మోసం చేస్తుంది. అందుకే చాలాచోట్ల నుంచి చిన్నచిన్న ముక్కలు తీస్తారు. "ఇన్నెందుకు?" అని కంగారుపడకు.

సరే, రిపోర్టులో "మాల్ట్ లింఫోమా" అని వచ్చిందనుకో. గుండె జారిపోతుంది, నిజమే. ఇంటికొచ్చి గూగుల్ తెరిచి ఏడవకముందు నా మాట విను. ఇది నత్తనడక క్యాన్సర్. చాలాసార్లు దీనికి మూలం హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. ఆ దొంగని పట్టడానికి ఒంట్లోని రక్షక కణాలు పొట్ట గోడలో చేరతాయి, ఏళ్లు గడిచాక వాటిలో కొన్ని దారితప్పి తామే ఇల్లు ఆక్రమిస్తాయి. దొంగని తరిమేస్తే? 1993లో డాక్టర్లు ఆరుగురికి యాంటీబయాటిక్స్ ఇచ్చి చూస్తే ఐదుగురిలో లింఫోమా మాయమైంది! (ఈ బాక్టీరియా పుండ్లు తెస్తుందని నిరూపించడానికి డాక్టర్ బారీ మార్షల్ 1984లో దాన్ని తనే తాగేశాడు. మగవాళ్ల మొండితనం ఒక్కోసారి పనికొస్తుంది.)

ఇక్కడే కాస్త గట్టిగా చెప్తాను. మామూలుగా రెండు వారాల కోర్సు. నోరు చేదెక్కుతుంది, కడుపు తిప్పుతుంది. అయినా మధ్యలో మానొద్దు. మరీ ఇబ్బందైతే డాక్టరుకు ఫోన్ చెయ్యి. బాక్టీరియా పోయినా లింఫోమా తగ్గడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే పడుతుంది. మళ్లీ ఎండోస్కోపీలో ఇంకా ఉందన్నంత మాత్రాన మందు పనిచేయలేదని కాదు.

కొందరికి బాక్టీరియా ఉండదు, ఇంకొందరి కణాల్లో జన్యుమార్పు ఉంటుంది. అప్పుడు యాంటీబయాటిక్స్ సరిపోకపోతే తక్కువ మోతాదు రేడియేషనో రిటుక్సిమాబ్ ఇంజక్షనో ఉన్నాయి. పొట్ట కోసి తీసేయడం ఇప్పుడు అరుదు.

లేచి ఆ గోడ కేలండర్ ఇలా తే. కోర్సు అయిన నాలుగు నుంచి ఆరు వారాలకి బాక్టీరియా పోయిందో లేదో చూసే ఊపిరి పరీక్ష, దానికి రెండు వారాల ముందు నుంచీ గ్యాస్ మాత్ర బంద్, లేకపోతే ఫలితం తప్పు రావచ్చు. డాక్టర్ని అడిగి, పాల లెక్క పక్కనే ఆ రెండు తేదీలూ ఎర్ర పెన్నుతో రాసుకో.