పికప్ నిలబడితే హీటెక్కుతోందా? ఫ్యాన్ క్లచ్ చూడండి

నిజాంసాగర్ ఆయకట్టులో కోతలు మొదలైతే బాన్సువాడ దారుల్లో వడ్ల బస్తాల పికప్‌లే. రోడ్డు మీద బాగానే పోయిన బండి రైస్‌మిల్లు ముందు లైన్లో నిలబడగానే హీటెక్కితే ఫ్యాన్ క్లచ్‌ని అనుమానించాలి. పరుగులో ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. నిలిచినప్పుడు ఆ పని ఫ్యాన్‌దే.

క్లచ్ లోపల సిలికాన్ ఆయిల్ ఉంటుంది. వేడి పెరిగితే ముందున్న స్ప్రింగ్ కదిలి ఆయిల్‌కు దారి ఇస్తుంది, ఫ్యాన్ జోరందుకుంటుంది. ఆయిల్ కారిపోతే ఫ్యాన్ తిరుగుతున్నట్టే కనిపిస్తుంది గానీ గాలి చాలదు.

పరీక్ష మీరే చేసుకోవచ్చు. ఇది బెల్టుతో తిరిగే ఫ్యాన్‌కే. కరెంటు ఫ్యాన్‌లో చెయ్యి పెట్టొద్దు. ఇంజిన్ ఆపి, తాళం చెవి తీసి, పూర్తిగా చల్లారాక ఫ్యాన్‌ను చేత్తో తిప్పండి. కాస్త బిగువుగా తిరిగి ఆగితే మంచిదే. గిరగిరా తిరుగుతూనే ఉన్నా, మధ్యలో ఆయిల్ మరక కనిపించినా, రెక్కలు ముందుకూ వెనక్కూ ఊగినా మెకానిక్‌కు చూపించి క్లచ్ మార్పించండి. క్లచ్ పట్టేస్తే మాత్రం ఫ్యాన్ ఎప్పుడూ హోరుమంటుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది.

అంతకంటే ముందు కూలెంట్, బెల్టు చూసుకోండి. రేడియేటర్‌లో ఇరుక్కున్న పొట్టు దులపండి. వేడి మీద మూత తీయొద్దు, ఒళ్లు కాలుతుంది. హీటెక్కిన బండిని అలాగే నడిపితే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. ఆ ఖర్చు ముందు క్లచ్ ఖర్చు తక్కువే.