మీ అబ్బాయీ కార్మికుడేనమ్మా

ప్రశ్న: మా అబ్బాయి గన్నవరం దగ్గర ఒక ఐటీ కన్సల్టింగ్ కంపెనీలో ఏడాదిన్నరగా పనిచేస్తున్నాడు. పొద్దున తొమ్మిదింటికి ల్యాప్‌టాప్ తెరిస్తే అర్ధరాత్రి దాటినా మూయడు. అమెరికా క్లయింటు కాల్స్ అన్నీ రాత్రిపూటే. మేనేజరు అందరి ముందూ నానా మాటలూ అంటాడట. పోయిన నెల పనితీరు బాగాలేదని పీఐపీలో (పనితీరు మెరుగుదల ప్రణాళికలో) పెట్టారు. మానేస్తానంటే తొంభై రోజుల నోటీసు ఇవ్వాలి, బాండు ప్రకారం రెండు లక్షలు కట్టాలి అంటున్నారు. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా తీసుకున్నారు. "మాకు యూనియన్లూ చట్టాలూ వర్తించవమ్మా" అంటాడు. నిజమేనా?
— ఒక తల్లి, ఉయ్యూరు

జవాబు: నిజం కాదమ్మా. ఆటోనగర్‌లో, ఆర్టీసీలో, రైల్వేలో కార్మిక సంఘం అంటే ఏమిటో ఇంటింటికీ తెలిసిన ఊరు విజయవాడ. ఆ ఇళ్లలో పుట్టి ఇంజినీరింగ్ చదివిన పిల్లలే మెడలో ట్యాగు పడగానే లేబర్ ఆఫీసు తమది కాదనుకుంటున్నారు. వాళ్లు అలా అనుకున్నన్నాళ్లూ లాభం కంపెనీలదే. మీ అబ్బాయి మనసులోంచి ముందు ఆ మాట తీసేయించండి.

ఎవరు కార్మికుడో తేల్చేది హోదా పేరు కాదు, రోజూ చేసే పని. పాత పారిశ్రామిక వివాదాల చట్టం సాంకేతిక పని చేసేవాళ్లను కార్మికులుగానే లెక్కించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా అదే చెబుతోంది. ప్రధానంగా మేనేజరు పనో, పరిపాలన పనో చేసేవాళ్లూ, నెలకు 18,000 రూపాయలు మించి తీసుకుంటూ పర్యవేక్షణ పని చేసేవాళ్లూ ఆ లెక్కలోకి రారు. కోడ్ రాసి, టెస్టింగ్ చేసి, టికెట్లు క్లోజ్ చేసేవాడి జీతం లక్ష ఉన్నా అతను కార్మికుడే. 2015లో టీసీఎస్ తొలగించిన ఒక ఉద్యోగి చెన్నై కార్మిక న్యాయస్థానానికి వెళ్లాడు. అతనిది మేనేజరు స్థాయి పని అని కంపెనీ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. పూర్తి జీతంతో తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలని 2022లో తీర్పిచ్చింది. ఆ తీర్పుకి ఏడేళ్లు పట్టిందని కూడా మీకు చెప్పాలి. కోర్టు దాకా పోకుండా తేలేలా ముందే కాగితాలు సిద్ధం చేసుకోమనడం అందుకే.

ఇక పని గంటలు. మన రాష్ట్రంలో ఆఫీసులకు వర్తించేది 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం. రోజుకు ఎనిమిది గంటలుగా ఉన్న పరిమితిని 2025లో ప్రభుత్వం పదికి పెంచింది. ఆ పెంపు ఉద్యోగులకు మేలు చేసేది కాదన్నదే నా అభిప్రాయం. అయినా వారానికి 48 గంటలన్న హద్దు చెరగలేదు. ఐటీ సంస్థలకు ఈ చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపులు ఇస్తూ వచ్చిన మాట వాస్తవమే. కానీ 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి, వారంలో ఒక రోజు సెలవివ్వాలి అన్న షరతులు ఆ మినహాయింపుల్లోనే ఉన్నాయి. వృత్తి భద్రత కోడ్ ప్రకారం కార్మికుడి సమ్మతి లేనిదే ఓవర్‌టైమ్ చేయించకూడదు. చేయిస్తే వేతనం రెట్టింపు.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా పిల్లలు ఓడిపోయేది టైమ్‌షీట్ దగ్గర. శుక్రవారం సాయంత్రం పోర్టల్ తెరిస్తే రోజుకు ఎనిమిదో తొమ్మిదో గంటలకు మించి ఎక్కించనివ్వదు. క్లయింటుకి బిల్లు వేసేది అంతే కాబట్టి మిగతా గంటలకు గడే ఉండదు. పద్నాలుగు గంటలు పనిచేసినవాడు తన చేత్తోనే ఎనిమిది అని రాసి సబ్మిట్ కొడతాడు. రేపు లేబర్ అధికారి ముందు కంపెనీ పెట్టేది ఆ కాగితమే.

దీనికి విరుగుడు ఒక్కటే. టైమ్‌షీట్ నింపిన ప్రతిసారీ మేనేజరుకి చిన్న మెయిల్ పెట్టాలి: "ఈ వారం నేను మొత్తం 68 గంటలు పనిచేశాను. పోర్టల్ 45కి మించి తీసుకోలేదు. మిగతా 23 గంటలు ఎలా నమోదు చేయాలో చెప్పగలరు." కోపం వద్దు, ఆరోపణ వద్దు. జవాబు రాకపోయినా ఆ మెయిల్ సాక్ష్యమే. లాగిన్ వేళలు, కాల్స్ జరిగిన వేళలు సొంత నోట్‌బుక్‌లో ఏ రోజువి ఆ రోజే రాసుకోవాలి. వాట్సాప్‌లో వచ్చిన తిట్లు స్క్రీన్‌షాట్ తీసుకుంటే చాలదు, ఫోన్లో అసలు సందేశాలు చెరపకూడదు. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి. అసలు ఫోన్ దగ్గరుంటే ఆ పని సులువు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. క్లయింటు ఫైళ్లు, కోడ్, కంపెనీ రహస్య పత్రాలు సొంత మెయిల్‌కి పంపుకోవద్దు. న్యాయం మీ అబ్బాయి వైపే ఉన్నా ఆ ఒక్క తప్పు పట్టుకుని తీసేస్తారు.

పీఐపీకి రాతపూర్వకంగానే జవాబివ్వాలి. లక్ష్యాలేమిటి, ఎవరు కొలుస్తారు, ఏ శిక్షణ ఇస్తారు అని అడగాలి. సాధారణంగా దీని తర్వాత వచ్చేది హెచ్ఆర్ గదిలోకి పిలుపు. "రాజీనామా చేస్తే మంచి రిలీవింగ్ లెటర్ ఇస్తాం, లేకపోతే టెర్మినేషనే" అంటారు. దీని వెనక లెక్క ఉంది. ఏడాది సర్వీసు నిండిన కార్మికుణ్ణి రిట్రెంచ్ చేస్తే (శిక్షగా కాక తొలగిస్తే) నెల నోటీసు ఇవ్వాలి, పూర్తిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు వేతనం పరిహారంగా కట్టాలి. తనే రాజీనామా చేశాడంటే ఆ పరిహారం అక్కర్లేదు. అందుకని ఆ గదిలో ఏదీ సంతకం చేయవద్దు, ఏ బటనూ నొక్కవద్దు. "చదువుకుని రేపు చెబుతాను" అని లేచి రావచ్చు. ఒత్తిడికి లొంగి రాజీనామా పంపేసి ఉంటే అదే రోజు, బలవంతం మీద ఇచ్చానని మెయిల్ రాయాలి. బలవంతం మీద ఇచ్చిన సమ్మతిని రద్దు చేసుకోవచ్చని కాంట్రాక్టు చట్టం చెబుతుంది. కానీ పదిరోజులు ఊరుకుని తర్వాత అంటే నమ్మించడం కష్టం.

తనంతట తను మానేయాలనుకుంటే ఎవరూ ఆపలేరు. ఇష్టం లేనివాడి చేత బలవంతంగా ఉద్యోగం చేయించే ఉత్తర్వు ఏ కోర్టూ ఇవ్వదు. నోటీసు పూర్తి చేయకపోతే ఒప్పందంలో ఉన్న మేరకు డబ్బు అడగవచ్చు, అంతే. బాండు సంగతి జాగ్రత్తగా చూడాలి. విజయా బ్యాంకు కేసులో 2025 మేలో సుప్రీంకోర్టు రెండు లక్షల బాండును సమర్థించింది. అది ప్రభుత్వ రంగ బ్యాంకు, నియామకానికి పెద్ద ఖర్చుతో కూడిన ప్రక్రియ ఉందని కోర్టు చూసింది. ప్రైవేటు కంపెనీ మాత్రం బాండు చూపించగానే మొత్తం వసూలు చేసుకోలేదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 కింద దక్కేది సహేతుకమైన పరిహారమే, రాసుకున్న అంకె దానికి గరిష్ఠ హద్దు మాత్రమే. శిక్షణ ఏమిచ్చారు, ఎంత ఖర్చయింది అని లెక్క అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చునే హక్కు కంపెనీకి ఏ చట్టమూ ఇవ్వలేదు. తిరిగివ్వమని స్పీడ్ పోస్టులో లెటర్ పంపండి. ఖాళీ చెక్కు కూడా ఇచ్చి ఉంటే, బౌన్స్ నోటీసు అందిన వెంటనే లాయర్ని కలవండి, గడువు పదిహేను రోజులే. చివరి లెక్క విషయంలో వేతనాల కోడ్ ఇప్పుడు ఉద్యోగికి బలం. రాజీనామా చేసినా, తీసేసినా బకాయి వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. నలభై అయిదు రోజులు ఆగమనే పాత అలవాటుకి ఇక చోటు లేదు.

మేనేజరు తిట్ల గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. ఆఫీసులో వేధింపులన్నిటికీ కలిపి మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. మహిళలపై లైంగిక వేధింపైతే 2013 చట్టం కింద మూడు నెలల్లోగా అంతర్గత కమిటీకి, కులం పేరుతో దూషణ అయితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద, బెదిరింపైతే పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు. మిగతావి పని గంటల ఫిర్యాదులో భాగంగా రాయాలి. ఈ లోటు తీర్చే చట్టం రావలసిందే.

పుణెలో ఈవై సంస్థలో చేరిన కొద్ది నెలలకే 26 ఏళ్ల చార్టర్డ్ అకౌంటెంటు 2024 జూలైలో చనిపోయింది. పనిభారమే కారణమని ఆమె తల్లి రాసిన లేఖ దేశమంతా చదివింది. తర్వాత తనిఖీ చేస్తే, 2007 నుంచీ నడుస్తున్న ఆ ఆఫీసుకి దుకాణాల చట్టం కింద రిజిస్ట్రేషనే లేదని మహారాష్ట్ర కార్మిక శాఖ తేల్చింది. మీ అబ్బాయి ఆఫీసులో రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కనబడేలా పెట్టారో లేదో చూడమనండి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో చెప్పాయి. నిద్ర పట్టకపోయినా, తిండి తగ్గినా ఇప్పుడే డాక్టరుకి చూపించండి. ఆ చీటీలు దాచండి. రాత్రివేళ మాట్లాడే మనిషి కావాలంటే టెలి మానస్ 14416కి తెలుగులో ఫోన్ చేయవచ్చు.

ఫిర్యాదు ఆఫీసు ఉన్న పరిధిలోని కార్మిక శాఖ అధికారికి ఇవ్వాలి. తెలుగులో రాసినా చెల్లుతుంది. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. తొలగింపు మీద వివాదమైతే రెండేళ్లు దాటనివ్వద్దు, వేతన బకాయికి మూడేళ్ల గడువుంది. లాయరు ఖర్చు భారమైతే న్యాయ సేవాధికార సంస్థ 15100 నంబరుకి ఫోన్ చేయండి. మహిళలకూ, ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత సహాయం దొరుకుతుంది, పారిశ్రామిక కార్మికులూ ఆ జాబితాలో ఉన్నారు. వెళ్లేటప్పుడు ఆఫర్ లెటరు, బాండు, చివరి మూడు నెలల పే స్లిప్పులు, పీఐపీ మెయిల్ వెంట ఉంచమనండి.