పొలమే విడిది: పశ్చిమ కర్నూలు మెట్ట భూములలో శరత్కాల వలస పక్షుల సంరక్షణ

ఆశ్వయుజ, కార్తీక మాసాలలో కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతాల రైతులకు తీరిక ఉండదు. ఎర్ర నేలల్లో వేరుశనగ పీకుతుంటారు. నల్లరేగడిలో శనగ, రబీ జొన్న విత్తుతుంటారు. పత్తి తొలి తీతలు మొదలవుతాయి. సరిగ్గా ఈ రోజుల్లోనే మధ్య ఆసియా మైదానాలలో చలి ముదిరి, అక్కడి పక్షులు దక్షిణానికి తరలివస్తాయి. వీటి రాకపోకల దారిని శాస్త్రవేత్తలు మధ్య ఆసియా వలస మార్గంగా వ్యవహరిస్తారు. సుమారు 30 దేశాల మీదుగా సాగే ఈ మార్గంలో భారతదేశం ప్రధానమైన శీతకాల విడిది.

వలస పక్షుల సంరక్షణ అనగానే సరస్సులు, అభయారణ్యాలు గుర్తుకు వస్తాయి. మెట్ట ప్రాంతాలలో పరిస్థితి వేరు. ఇక్కడికి వచ్చే పక్షులలో అనేకం పగలంతా రైతుల పొలాలలో, గడ్డి బీళ్ళలో ఆహారం వెదుక్కుంటాయి. వాటి మనుగడ అటవీ శాఖ నిర్ణయాలపై ఎంత ఆధారపడుతుందో, రైతు తీసుకునే సస్యరక్షణ నిర్ణయాలపైనా అంతే ఆధారపడుతుంది. కనుక ఈ అంశం వ్యవసాయ విస్తరణ పరిధిలోనికి వస్తుంది.

పిల్లి గద్దలు: మిడతలను వెన్నాడే అతిథులు

ఈ ప్రాంతపు శరత్కాల వలస పక్షులలో పిల్లి గద్దలు ముఖ్యమైనవి. మాంటేగ్ హారియర్, పాలిడ్ హారియర్ అనే రెండు జాతులు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వచ్చి మార్చి, ఏప్రిల్ నెలల్లో తిరిగి వెళ్ళిపోతాయి. కజకిస్థాన్, దాని పరిసరాలలోని గడ్డి మైదానాలు వీటి సంతానోత్పత్తి స్థలాలు. పాలిడ్ హారియర్‌ను అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమితి ముప్పునకు చేరువైన జాతిగా గుర్తించింది.

వీటిని పోల్చుకోవడం కష్టం కాదు. సాధారణ గద్ద ఆకాశంలో ఎత్తున చక్కర్లు కొడుతుంది. పిల్లి గద్ద పైరును తాకుతున్నంత తక్కువ ఎత్తులో, రెక్కలను కొద్దిగా పైకెత్తి, అటూ ఇటూ ఒరుగుతూ సాగిపోతుంది. మాంటేగ్ మగ పక్షి బూడిద రంగులో ఉండి, రెక్కపై అడ్డంగా నల్లటి చార కలిగి ఉంటుంది. పాలిడ్ మగ పక్షి మరింత లేత రంగులో ఉంటుంది. దాని రెక్క చివర మాత్రమే నల్లగా ఉంటుంది. రెండు జాతులలోనూ ఆడ పక్షులు గోధుమ రంగులో ఉంటాయి. తోక మొదట తెల్లని పట్టీ కనిపిస్తుంది.

ఇవి మిడతలు, తొండలు, చిన్న పక్షులు, ఎలుకలను తింటాయి. భారతదేశంలోని శీతకాల విడిదులలో వీటి ఆహారంలో మిడతల వాటా ఎక్కువ. జీర్ణం కాని భాగాలను ఇవి ఉండల రూపంలో కక్కివేస్తాయి. ఆ ఉండలను విడదీసి చూస్తే మిడతల కాళ్ళు, దవడల ముక్కలు బయటపడతాయి. పంటను నమిలే పురుగులను ఖర్చు లేకుండా ఏరివేసే ఈ పక్షులను రైతుకు పరిచయం చేయవలసిన బాధ్యత విస్తరణ సిబ్బందిది.

రోళ్ళపాడు నేర్పిన పాఠం

పిల్లి గద్దలు చెట్లపై నిద్రించవు. సాయంత్రం ఎత్తయిన గడ్డిలో నేల మీదనే గుంపులుగా దిగి రాత్రి గడుపుతాయి. మిడుతూరు మండలంలోని రోళ్ళపాడు గడ్డి భూములు ఇటువంటి సామూహిక విడిదికి పేరుపొందాయి. పూర్వపు కర్నూలు జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం 2022 జిల్లాల పునర్విభజనలో నంద్యాల జిల్లాలో చేరింది. బట్టమేక పక్షి రక్షణ కోసం 1988లో ఇక్కడ 614 హెక్టార్లలో అభయారణ్యం ఏర్పాటు చేశారు.

614 హెక్టార్లంటే సుమారు 6 చదరపు కిలోమీటర్లు మాత్రమే. బట్టమేక పక్షి చుట్టుపక్కల జొన్న, కొర్ర, వేరుశనగ పొలాలపైన కూడా ఆధారపడి బ్రతికింది. సాగునీటి రాకతో పంటల తీరు మారి, బీళ్ళు తరిగిపోవడంతో, కంచె లోపలి గడ్డి ఒక్కటే దానిని నిలబెట్టలేకపోయింది. పిల్లి గద్దల విషయంలోనూ 1980 దశకంతో పోలిస్తే ఇక్కడ రాత్రి బస చేసే పక్షుల సంఖ్య బాగా తగ్గినట్లు పరిశీలకులు గుర్తించారు. రాత్రి విడిదికి రక్షణ కల్పించి, పగటి మేత స్థలాన్ని విస్మరిస్తే ఫలితం సగమే దక్కుతుందని రోళ్ళపాడు అనుభవం తెలుపుతోంది.

అర్జెంటీనా హెచ్చరిక

మిడతలను తినే వలస గద్దలకు పురుగుమందు ఎంత ప్రమాదకరమో తెలుసుకోవడానికి అర్జెంటీనా ఉదంతం చాలు. స్వెయిన్‌సన్ గద్ద ఉత్తర అమెరికాలో సంతానోత్పత్తి చేసి, అక్కడి శీతకాలంలో అర్జెంటీనా మైదానాలకు చేరుతుంది. 1995-96లో అక్కడి రైతులు మిడతల నివారణకు మోనోక్రోటోఫాస్ పిచికారీ చేశారు. మందు పడిన మిడతలను తిని, నేరుగా మందు తగిలి, వేలాది గద్దలు మరణించాయి. సుమారు 5,000 కళేబరాలు లెక్కకు వచ్చాయి. మొత్తం మరణాలు 20,000 వరకు ఉండవచ్చని అంచనా వేశారు. మిడతలపై ఆ మందు వాడకాన్ని నిలిపివేసి, రైతులకు అవగాహన కల్పించిన తరువాత అంతటి మరణాలు మళ్ళీ నమోదు కాలేదు.

ఈ ఉదంతంలో గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ రైతులు గద్దలను చంపాలనుకోలేదు. తమకు మేలు చేసే పక్షిని తెలియక పోగొట్టుకున్నారు. పత్తి అధికంగా సాగయ్యే ఆదోని ప్రాంతంలో మోనోక్రోటోఫాస్ రైతులకు చిరకాలంగా పరిచితమైన మందు. ఇటువంటి మందులను మిడతలపై చల్లినప్పుడు వాటిని తినే పక్షి గతి ఏమిటన్న ప్రశ్నను పొలంబడులలో తప్పక చర్చించాలి.

జొన్న చేనిలో గులాబీ గోరువంక

వలస పక్షులన్నీ రైతుకు మేలే చేస్తాయని చెప్పడం సత్యదూరం. రోజీ స్టార్లింగ్ అనే గులాబీ గోరువంకలు పెద్ద గుంపులుగా వచ్చి, పాలు పోసుకునే దశలో ఉన్న జొన్న కంకులపై పడతాయి. ఆ నష్టాన్ని తేలికగా తీసుకుంటే రైతు విస్తరణ సిబ్బంది మాట నమ్మడు. అయితే ఇవే పక్షులు మిడతలను కూడా విరివిగా తింటాయి. చైనాలోని షిన్‌జియాంగ్‌లో మిడతల దండును అరికట్టడానికి వీటి కోసం రాళ్ళతో ప్రత్యేకంగా గూళ్ళు కట్టించారు.

కనుక చంపడం పరిష్కారం కాదు. గింజ గట్టిపడే వరకు చేనును కాపాడుకుంటే చాలు. మెరిసే రిబ్బన్లను మెలితిప్పి పైరుకు కొంచెం ఎత్తులో కట్టడం, గట్టు వైపు వరుసలలోని కంకులను ఆకులతో చుట్టడం, ఉదయం, సాయంత్రం మంచె మీద నుంచి కాపలా కాయడం ఇందుకు తగిన పద్ధతులు. ఒక గ్రామంలోని రైతులంతా ఒకేసారి విత్తితే నష్టం ఒక్క చేనుపైనే పడకుండా పంచుకుపోతుంది. విషం కలిపిన గింజలు చల్లితే పిట్టలతో పాటు, వాటిని తినే గద్దలు, కుక్కలు కూడా మరణిస్తాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం రక్షిత పక్షులను వలపన్ని పట్టడం, విషం పెట్టడం కూడా వేటగానే పరిగణింపబడతాయి.

విస్తరణ సిబ్బంది చేపట్టవలసిన చర్యలు

పురుగు ఉధృతి ఆర్థిక నష్ట పరిమితిని దాటనిదే రసాయన మందు సిఫారసు చేయరాదు. శనగలో పచ్చపురుగు ఉనికిని లింగాకర్షక బుట్టలతో గమనించి, తొలి దశలో వేప సంబంధిత మందులకు, ఎన్.పి.వి. ద్రావణానికి ప్రాధాన్యం ఇవ్వాలి.

శనగ చేలలో ఎకరాకు 10 నుంచి 20 పక్షి స్థావరాలు పైరు కంటే ఎత్తుగా నాటించాలి. వీటిపై వాలేవి ప్రధానంగా పసులపోలిగాడు, పాలపిట్ట, గోరువంక వంటి పక్షులు. పిల్లి గద్ద ఎగురుతూనే వేటాడుతుంది కనుక దానికి కావలసింది మందు తగలని గడ్డి గట్టు, బీడు. జొన్న, కొర్ర చేలలో గింజ కట్టే సమయానికి స్థావరాలను తొలగించాలి.

అక్టోబరు నుంచి మార్చి వరకు ఎత్తయిన గడ్డి ఉన్న బీళ్ళను తగులబెట్టకుండా చూడాలి. గుంపులు దిగే చోటు తెలిసినప్పుడు సాయంత్రం వేళ పశువులు, కుక్కలు అటు వెళ్ళకుండా గ్రామస్థులతో మాట్లాడాలి.

విజయదశమి నాడు పాలపిట్టను చూడడం శుభమన్న నమ్మకం తెలుగు నాట ఉంది. పంజరంలో బంధించి చూపే పాలపిట్ట ఆ దర్శనానికి సరికాదని, చేని గట్టుపై స్వేచ్ఛగా ఎగిరే పిట్టను చూడాలని పాఠశాలల్లో చెప్పవచ్చు. రాయలసీమలోనే, చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చింతచెట్లపై గూళ్ళు కడతాయి. గ్రామస్థులు తరతరాలుగా వాటిని కాపాడుతున్నారు. అలాంటి ఆదరం మెట్ట పొలాల పక్షులకు కూడా దక్కాలి.

విద్యార్థులకు ఈ ప్రాంతం మంచి అధ్యయన స్థలం. మందు చల్లిన, చల్లని చేలలో మిడతల సాంద్రతను, పిల్లి గద్దల రాకను ఒక రబీ కాలమంతా వారానికొకసారి నమోదు చేయవచ్చు. అటవీ శాఖ అనుమతితో విడిదుల వద్ద ఉండలను సేకరించి, ఏ పురుగు ఎంత శాతమో లెక్కించవచ్చు. ఆ లెక్క చేతిలో ఉన్ననాడు, పక్షిని కాపాడమని రైతును వేడుకోవలసిన అవసరం రాదు. అది తన చేనికి చేసే మేలును అతనికి అంకెలలో చూపవచ్చు.