ప్రతినాయకునిపై ప్రీతి

మా తరగతిలోని ఒక విద్యార్థి తెలుగు నోటు పుస్తకపు చివరి పుటలలో పెన్సిలుతో జపాను అనిమే పాత్రలను గీయుచుండును. ఆ బొమ్మలలో గెలిచి నవ్వుచున్న వీరుడు ఒక్కడును లేడు. ఒకడు ‘నరుటో’లో స్వవంశమును తన చేతులతోనే సంహరించిన ఇటాచి. మఱియొకడు నిద్ర చాలక తరగతి గదిలోనే నిద్రసంచిలో దూరి పండుకొను ఉపాధ్యాయ వీరుడు ఐజావా. మేమును అధ్యాపకులమే గావున ఈ రెండవవాడు మాకు వెంటనే నచ్చినాడు.

వార్షికోత్సవ చిత్రప్రదర్శనకు ఇట్టి బొమ్మలు తగవనియు, పిల్లవాని మనస్సు దుష్టత్వము వైపు మొగ్గుచున్నదనియు ఒక పెద్దలు అభిప్రాయపడిరి. నాటినుండి ఆ విద్యార్థి పుస్తకమును దాచుచున్నాడు. చిత్రలేఖనమును గూర్చిన ధార్మిక చర్చ వేఱు. దాని జోలికి మేము పోము. ప్రతినాయకుని ప్రేమించుట దోషమా అను ప్రశ్నకు మాత్రము మన పాఠ్యాంశములలోనే సమాధానము కలదు.

ధనంజయుడు దశరూపకమున ప్రతినాయకుని లుబ్ధుడనియు, ధీరోద్ధతుడనియు, పాపి యనియు నిర్వచించెను. అంతటితో విషయము ముగిసినచో పెద్దల మాటయే నెగ్గును. కాని దండి కావ్యాదర్శమున వేఱొక మార్గము చూపినాడు. శత్రువు యొక్క వంశమును, పరాక్రమమును, విద్యను ముందుగా వర్ణించి, అట్టివానిని నాయకుడు జయించెనని చెప్పుటయు రమ్యమే యని ఆయన మతము. అల్పుని గెలిచిన విజయమునకు విలువ యేమున్నది?

భాసుని పేర ప్రసిద్ధమైన ‘ఊరుభంగము’ ఇంకను ముందునకు పోయినది. తొడలు విరిగి నేలపై పడియున్న దుర్యోధనుని వద్దకు చిన్ని కుమారుడు దుర్జయుడు వచ్చి, అలవాటు చొప్పున ఒడిలో కూర్చుండబోవును. తండ్రి వారింపవలసి వచ్చును. జూదసభలో తన తొడ చూపి ద్రౌపదిని అవమానించినవాడు ఇప్పుడు కన్నకొడుకునకే తొడ నీయలేకున్నాడు. పాండవులను తనవలెనే సేవింపుమని బాలునకు బోధించును. ఇచ్చట కవి దుర్యోధనుని పాపమును కడిగివేయలేదు. దాని బరువును అతనిచేతనే మోయించినాడు. మన జహీరాబాదు సరిహద్దు దాటగనే వినబడు కన్నడమునను, 10వ శతాబ్దపు రన్నకవి గదాయుద్ధమున నాయకుడు భీముడే యైనను, పాఠకుల హృదయమును దోచుకొనువాడు దుర్యోధనుడే.

అలసిన వీరుని కొఱకు జపాను వఱకు పోనక్కఱ లేదు. శాంతిపర్వమున ధర్మరాజు గెలిచిన రాజ్యమును వలదని, అడవికి పోయెదనని వగచును. తిక్కన చేతిలో ఆ పర్వమును తెనుగైనది.

చలనచిత్రములలో నందమూరి తారక రామారావు ‘భూకైలాస్’ (1958), ‘సీతారామ కళ్యాణం’ (1961) చిత్రములందు రావణుడై, ‘లవకుశ’ (1963)లో రాముడై, ‘దానవీరశూరకర్ణ’ (1977)లో కర్ణ, దుర్యోధన, కృష్ణ పాత్రలు మూడింటిని తానే ధరించెను. రావణునకు చప్పట్లు కొట్టిన చేతులే రామునకు మ్రొక్కినవి. ఉర్దూ విద్యార్థులకు ఇక్బాల్ ‘బాలె జిబ్రీల్’ (1935)లోని జిబ్రీల్, ఇబ్లీసుల సంవాదము తెలిసినదే. అందు పదునైన మాటలన్నియు ఇబ్లీసువే. అంతమాత్రమున కవి అతని మతమును స్వీకరించెనని యెవరనగలరు?

అయినను పెద్దల భయము పూర్తిగా నిరాధారము కాదు. కత్తి మెఱుపును మాత్రము గీసి, దానిచే కూలినవారిని మఱచిన చిత్రము మమ్మును కలవరపెట్టును. ‘నర్తనశాల’ (1963)లో ఎస్.వి. రంగారావు కీచకుని మెచ్చుకొన్న ప్రేక్షకుడు సైరంధ్రి భయమును కూడ చూచెను గదా. ఇటాచి బొమ్మను మేము మరల పరిశీలించితిమి. ఆ ముఖమున గర్వము లేదు. కన్నుల క్రింద రెండు లోతైన గీతలున్నవి. ఆ గీతలనే విద్యార్థి అన్నిటికంటె శ్రద్ధగా దిద్దినాడు.

కావున ఆ బొమ్మలను ప్రదర్శనలో నుంచుటకు అనుమతింపవలెనని కళాశాల సంఘమును కోరుచున్నాము. వానితోపాటు దుర్యోధన దుర్జయులను కూడ గీయుమని విద్యార్థికి చెప్పితిమి. తండ్రి చేతిని ఎచ్చట నుంచవలెనో తోచక ఇప్పటికి రెండు మారులు చెరిపినాడు.