శాంటా క్లారా: తల్లి, కుమార్తె, విశ్వాసము

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున శాంటా క్లారా అను నగరము కలదు. నేడు ఆ ప్రాంతమున ఎందరో తెలుగువారు నివసించుచున్నారు. ఆ నగరమునకు పేరిచ్చినది విశ్వాసము కొరకు కన్నవారి ఇల్లు విడిచిన ఒక కుమార్తె. మతవిషయమున తల్లీకూతుండ్ర మనస్సులు వేరుపడిన ప్రతి గృహమునను ఆమె చరిత్ర తెలిసికొనదగినది.

క్లారా 1194 ప్రాంతమున ఇటలీలోని అస్సీసీ పట్టణమున సంపన్న కుటుంబమున జన్మించెను. తల్లి ఒర్తొలానా జెరూసలేము, రోము మున్నగు క్షేత్రములను సేవించిన భక్తురాలు. ఆ తల్లి నీడలోనే కుమార్తెకు భక్తి అలవడెను. కాని 1212లో మట్టల ఆదివారపు రాత్రి క్లారా రహస్యముగా ఇల్లు విడిచి, ఫ్రాన్సిసు మునిని ఆశ్రయించి, కేశములు తీయించుకొని సన్న్యాసము స్వీకరించెను. మరలించుటకు వచ్చిన బంధువులకు తన శిరస్సును చూపెను. కొలది దినములకే చెల్లెలును ఆమెను అనుసరించెను. బంధువులు ఆ బాలికను బలవంతముగా ఈడ్చుకొనిపోవ జూచిరి. బలము ఫలింపలేదు.

ఇచట గమనింపదగిన విషయమొకటి కలదు. తల్లికిని కుమార్తెకును దైవ మొక్కటే. మార్గము మాత్రము వేరు. తల్లిది గృహిణి భక్తి, కుమార్తెది సర్వసంగపరిత్యాగము. ఒకే మతమునందును ఇట్టి ఎడబాటు కలుగును. తరువాతి కాలమున ఒర్తొలానా తానే సాన్ దామియానో మఠమునకు వెళ్లి కుమార్తె చెంత నివసించెను. బంధువుల బలము మరలింపలేని కుమార్తెను తల్లి తానే వెళ్లి కలిసికొనెను.

1777లో స్పెయిను దేశపు క్రైస్తవ మునులు కాలిఫోర్నియాలో ఆమె పేరిట ఒక మిషను స్థాపించిరి. ఓలోనీ అను స్థానికజాతివారిని అందు చేర్చిరి. కాలిఫోర్నియా మిషనులలో అవివాహిత బాలికలను తల్లులనుండి వేరుచేసి, రాత్రివేళ తాళము వేసిన గదులలో నుంచుట ఆచారము. క్లారా తన ఇచ్చచే తల్లిని విడిచెను. ఆ బాలికల ఇచ్చను అడిగినవారు లేరు. విశ్వాసమునకును నిర్బంధమునకును గల భేద మిదియే.

నేటాలు తోటలకు ఒడంబడికపై వచ్చిన తెలుగువారికిని ఈ పాఠము దూరమైనది కాదు. రామభజనను, అమ్మవారి పూజను వారు వెంట తెచ్చుకొనిరి. 1903లో జాన్ రంగయ్య ఆంధ్రదేశమునుండి వచ్చి తెలుగు బాప్తిస్టు సంఘమును నెలకొల్పెను. నాటినుండి ఒకే వంశమున దీపారాధనయు, బైబిలు పఠనమును సాగుచున్న ఇండ్లు కలవు.

అట్టి ఇంట తల్లి భయము చిన్నది కాదు: సముద్రము దాటి వచ్చిన దీపము తనతో ఆరిపోవునేమో యని. కుమార్తె బాధయు చిన్నది కాదు: మనస్సు నమ్మనిదానికి చేతులు జోడింపజాలదు. ప్రసాదము పుచ్చుకొనని కుమార్తెకు తల్లి అన్నము పెట్టకుండరాదు. తల్లి వెలిగించిన దీపమును కుమార్తె నిందింపరాదు. పెండ్లికిని, చావునకును ఒకరి గడప నొకరు తొక్కుట మానరాదు.

ఒర్తొలానావలె ప్రతి తల్లియు కుమార్తె మార్గమును చేపట్టవలెనని నియమము లేదు. కుమార్తె తిరిగి రావలెననియు లేదు. కాని ఆమె నడచిన ఆ కొలది దూరము ఎవరైనను నడువగలరు.