రోడియో ఎద్దుకు ఒంగోలు చుట్టరికం



మీ పిల్లలు ఫోన్‌లో అమెరికా రోడియో వీడియోలు చూస్తారా? కౌబాయ్‌ని ఎత్తి పడేసే ఎద్దుకు మూపురం కనిపిస్తే వీడియో ఆపి చూపించండి. అది మన పశువుల పోలికే! ఒంగోలు, గిర్ లాంటి భారతీయ జాతుల నుంచే అమెరికావాళ్లు 'బ్రాహ్మన్' జాతిని తయారుచేసుకున్నారు. వేలాడే గంగడోలు, వదులు చర్మం ఎండను తట్టుకుంటాయి మరి. బ్రెజిల్‌లో ఒంగోలు జాతి పేరు 'నెలోర్', అంటే మన నెల్లూరే. 1960ల్లో అక్కడికి వెళ్లిన ఓ ఎద్దును ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరుతోనే పిలిచారు.

అక్కడ మందలు పెరిగాయి. ఇక్కడ ట్రాక్టర్లొచ్చాక కొట్టాలు ఖాళీ అయ్యాయి. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల మన ఊళ్లూ అంతే.

ఈ ఆదివారం తాతయ్యను పిల్లల చేతే అడిగించండి: మీ ఎద్దుల పేర్లేంటి? ఎప్పుడు అమ్మేశారు? ఎందుకు? జవాబులు నోట్‌బుక్‌లో రాయించి, సోమవారం ఈవీఎస్ టీచర్‌కు పంపండి.